కింద పలికిన గొంతు

మా ఆఫీసులో ఆమెను పేరు పెట్టి పిలిచేది హాజరు పట్టీ ఒక్కటే. మిగతా అందరికీ ఆమె ఎర్రపెన్సిలు. నాకు మాత్రం అక్క. తోడబుట్టిన అక్క కాదు. తొమ్మిదేళ్ళు ఒకే బల్లకి అటూ ఇటూ కూర్చుంటే ఏదో ఒక వరస కలవక తప్పదు. ఆమె గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. అడిగేదాకా ఆగితే నా నోరు చేసిన పాపం నోట్లోనే ఉండిపోతుందని రాస్తున్నాను.

మాది నకళ్ళ విభాగం. పాత ఇళ్ళ దస్తావేజులూ, పుట్టుక పత్రాలూ ఎవరికైనా కావాలంటే అసలు చూసి నకలు తయారుచేసి ఇస్తాం. నకలు బయటికి వెళ్ళే ముందు సరిచూడాలి. దానికి ఇద్దరుండాలి. ఒకరు అసలును పైకి చదవాలి, రెండోవారు నకలు మీద వేలు పెట్టి వెంట రావాలి. చదివేది నేను, వేలు పెట్టేది అక్క. తేడా కనిపిస్తే ఎర్ర పెన్సిలుతో సున్నా చుట్టేది. ఒకసారి ఎవరిదో ఇంటి తూర్పు గోడ నకల్లో రెండడుగులు జరిగిందని, ఆ రోజు కట్టిన కట్టలన్నీ మళ్ళీ విప్పించింది. నేను గొణిగాను.

“ఉన్నది ఉన్నట్టుండాలే. మనం జరిపిన రెండడుగుల కోసం రేపు ఆ ఇంట్లోవాళ్ళు తలలు పగలగొట్టుకుంటారు” అంది.

నాలుగో ఏట జ్వరం వచ్చి ఆమెకు నడుం కింద కాళ్ళు చచ్చుబడ్డాయి. పదేళ్ళు వచ్చేదాకా అమ్మ చంకనెత్తుకుని బడికి మోసింది. వడ్రంగి అయిన నాన్న పీటకి నాలుగు చక్రాలు బిగించి ఇచ్చాడట. ఆ పీట మీద నేలకి జానెడెత్తులో తిరుగుతూ లోకాన్ని మోకాళ్ళ దగ్గర్నుంచి చూశానని నవ్వేది. ఇప్పుడు తమ్ముడూ మరదలూ ఉన్న ఇంట్లో ఉంటుంది. ఆమె కోసం తమ్ముడు తలుపు గొళ్ళేలన్నీ నడుం ఎత్తుకి దింపేశాడు. “మా వదిన పుణ్యమా అని ఈ ఇంటికొచ్చిన ప్రతివాడూ వంగి వంగి లోపలికొస్తాడు” అని మరదలు ఎగతాళి.

ఉద్యోగం వికలాంగుల హక్కుల చట్టం కింద వచ్చింది. ఆ చట్టం కాపీ ఒకటి ప్లాస్టిక్ సంచిలో పెట్టి, చక్రాల కుర్చీ మెత్త కింద ఉంచుకునేది. “చట్టాన్ని అందరూ నెత్తిన పెట్టుకుంటారు. నేను దాని మీద కూర్చుంటాను. బరువు పడితేగానీ అది పనిచెయ్యదు” అనేది. అలా కూర్చునే గుమ్మం దగ్గర వాలుబాట వేయించింది, బాత్రూం తలుపు వెడల్పు చేయించింది. ఒక్కొక్కదానికీ ఏడాదేసి పట్టింది. మా సూపరింటెండెంటుగారు మాత్రం వచ్చినవాళ్ళందరికీ ఆ వాలుబాట తన సొంత తెలివిలా చూపించేవాడు.

మేముండేది ఆరో అంతస్తు. రికార్డులు అక్కడే ఉన్నాయి కాబట్టి మేమూ అక్కడే. ఎవరూ కాగితాల ఫొటోలు తియ్యకుండా, ఫోన్లు కింద అరల్లో పెట్టి పైకి రావాలి. ఆఫీసు ఫోన్లు కూడా కింది అంతస్తుల్లోనే. ఇది గుర్తుంచుకోండి.

మూడేళ్ళ కిందట మూడు నెలలకోసారి ఫైర్ డ్రిల్లు జరపాలని ఉత్తరువొచ్చింది. గంట మోగగానే లిఫ్ట్ దానంతటదే ఆగిపోతుంది. అందరూ మెట్లు దిగి వెనక ఆవరణలో వరసగా నిలబడాలి. సూపరింటెండెంటుగారు పేర్లు పిలుస్తాడు, పలికినవాళ్ళకి టిక్కు పెడతాడు. లెక్క ముప్పై ఎనిమిది రావాలి. మెట్లు దిగలేనివాళ్ళ కోసం ప్రతి అంతస్తులో మెట్ల పక్కన పసుపురంగు గడి ఒకటి గీశారు. వాళ్ళు అందులో ఆగాలి, ఇద్దరు మనుషులు వచ్చి తీసుకెళ్ళాలి. ఆ ఇద్దరూ ఎవరన్నది మాత్రం ఏ కాగితంలోనూ రాయలేదు. గడి గీసినవాడు గీసి వెళ్ళిపోయాడు.

మొదటి డ్రిల్లు రోజు అక్క గడిలో ఆగింది. మేం దిగాం. ఎండ మండిపోతోంది. అక్క పేరు పిలిచారు. ఎవరూ పలకలేదు. సూపరింటెండెంటుగారు తల ఎత్తాడు. ఒకరు తక్కువైతే నివేదిక రాయాలి, అది తేలేదాకా అందరూ ఎండలో నిలబడాలి. మా ఆఫీసులో ఒక అలవాటుంది. ఎవరైనా ఆలస్యంగా వస్తే పక్కవాళ్ళు వాళ్ళ బదులు పలుకుతారు. పాడు అలవాటే, కానీ దాన్ని మేం మంచితనం అనుకునేవాళ్ళం. ఆ మంచితనంతోనే, అక్క గొంతుని అనుకరిస్తూ, సన్నగా, కాస్త సాగదీసి, “ఉన్నానండీ” అన్నాను.

వరసంతా కిసుక్కుమంది. ఆయన తల దించి టిక్కు పెట్టాడు. నా అనుకరణ అచ్చు అక్కలాగే ఉందని, మ్యాపులు చూసే పటాల గుమాస్తా మెచ్చుకున్నాడు. నేను పొంగిపోయాను.

పైకెళ్ళాక అక్కకి చెప్పాను. మెట్ల కిటికీలోంచి తనకీ వినిపించిందట.

“నా గొంతు అలా ఉంటుందా?” అంది.

“అచ్చం అలాగే!” అన్నాను.

ఆమె నవ్వలేదు. అప్పుడు నేను పట్టించుకోలేదు.

తర్వాత ప్రతి డ్రిల్లులోనూ అదే తంతు. పేరు పిలవడం, నేను పలకడం, టిక్కు. పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం అంటారు గదా. మధ్యలో అక్క రెండు అర్జీలు పెట్టింది, మెట్ల మీద జారే కుర్చీ ఒకటుంటుంది, అది తెప్పించండని. “కింద రిసెప్షన్‌లో కూర్చోవమ్మా, ఏ గొడవా ఉండదు” అన్నాడు సూపరింటెండెంటుగారు. “అక్కడ నేను సరిచూసేదేముందండీ, వచ్చేపోయేవాళ్ళ మొహాలా?” అంది అక్క.

ఒక మధ్యాహ్నం మేం టీ తాగుతుండగా, అందరూ దిగిపోయాక పైన ఎలా ఉంటుందో చెప్పింది. మొదట ఆరు అంతస్తుల అడుగుల చప్పుడూ మెట్లలోకి ఇంకిపోతుందట. ఆ తర్వాత ఫ్యాన్లు తిరుగుతూనే ఉంటాయి, కాగితాలు రెపరెపలాడుతూనే ఉంటాయి, మనుషులు మాత్రం ఉండరు. నకలు కావాలని బయటినుంచి ఎవరో ఫోను చేస్తారు. కింది అంతస్తు ఖాళీ గదిలో అది మోగి మోగి ఆగుతుంది. ఇంకో గదిలో మొదలవుతుంది. ఒక్కో అంతస్తే పైకి వస్తున్నట్టు, తన కోసం వెతుకుతున్నట్టు.

“దానికి భయం లేదే” అంది. “కింద నా పేరు పిలుస్తారు చూడు, అప్పుడు. నేను పలుకుదామని నోరు తెరుస్తాను. నేను పలికేలోపు కింద నేను పలికేస్తాను.”

నేను నవ్వబోయాను, నవ్వు రాలేదు.

“నాలుగోసారి గట్టిగా అరిచాను, ఇక్కడున్నానని. కిందనించి అందరి నవ్వులూ వినబడ్డాయి. అప్పుడు నా చేతులు ముట్టుకుని చూసుకున్నాను. కింద ఉన్నది నేనైతే, ఇక్కడ ఉన్నదెవరా అని.”

ఇది విని కూడా నేను మానలేదు. ఎందుకు మానలేదని నన్ను నేను చాలాసార్లు తిట్టుకున్నాను. మానితే లెక్క తప్పుతుంది, నెపం నా మీద పడుతుంది. అంతే. అంతకుమించి గొప్ప కారణమేమీ లేదు.

తొమ్మిదోసారి మోగింది డ్రిల్లు గంట కాదు. రెండో అంతస్తులో తీగలు అంటుకున్నాయి. నల్లటి పొగ మెట్ల మీదుగా పైకి ఎగబాకుతోంది. మేం ముక్కులు మూసుకుని, ఒకరినొకరు తోసుకుంటూ దిగాం. దాటి వెళుతూ నేను అక్కతో అన్న మాట నాకింకా గుర్తుంది. “ఉండక్కా, పంపిస్తాను” అన్నాను. ఎవర్ని పంపిస్తాననో నాకే తెలియదు.

ఆవరణలో ఫైర్ వాళ్ళు అప్పటికే గొట్టాలు విప్పుతున్నారు. సూపరింటెండెంటుగారు పట్టీ తీసి గబగబా పిలుస్తున్నాడు. అక్క పేరు వచ్చింది. ఇప్పుడు చెప్పాలి, పైన ఉందని అరవాలి అనుకున్నాను. నిజంగా అనుకున్నాను.

“ఉన్నానండీ” అంది నా నోరు.

నేను అనలేదు. అన్నానని నా చెవులకి వినబడింది. అలవాటు పడ్డ నోరు నాకంటే ముందు పరిగెత్తింది. టిక్కు పడింది. ఫైర్ పెద్దాయన వచ్చి, “అందరూ దిగారా?” అన్నాడు. “దిగారండి, ముప్పై ఎనిమిదీ సరిపోయింది” అన్నాడు సూపరింటెండెంటుగారు. వాళ్ళు రెండో అంతస్తు వరకే వెళ్ళారు. ఎందుకు పైకి వెళతారు? పైన ఎవరూ లేరు గదా.

నేను సూపరింటెండెంటుగారి దగ్గరికి వెళ్ళి, అక్క పైనే ఉందని చెవిలో చెప్పాను. ఆయన పట్టీ మూసేశాడు. “ఇప్పుడు చెబితే తొమ్మిదిసార్లదీ బయటికొస్తుందమ్మా. పొగ తగ్గిపోతోంది, కాసేపాగు” అన్నాడు. నేను ఆగాను. తేలు కుట్టిన దొంగలా గంటా నలభై నిమిషాలు ఆ ఆవరణలో నిలబడ్డాను. ఆరో అంతస్తు కిటికీలోంచి సన్నగా పొగ వస్తూనే ఉంది. నేను తల వంచుకుని నా చెప్పులు చూసుకున్నాను.

లోపలికి వెళ్ళనిచ్చాక మెట్లన్నీ ఒక్క పరుగున ఎక్కాను. అక్క గడిలోనే ఉంది. తాగేనీళ్ళతో తడిపిన చేతిరుమాలు ముక్కుకి కట్టుకుంది. ముఖమంతా మసి, కళ్ళు మాత్రం ఎర్రగా కనిపిస్తున్నాయి. చేతిలో ఎర్ర పెన్సిలు. పక్క గోడ మీద, కూర్చున్న మనిషికి అందే ఎత్తులో, తొమ్మిది తేదీలు వరసగా రాసి ఉన్నాయి. ఒక్కొక్క తేదీ పక్కన ‘పైనే’ అని. నేను రెండేళ్ళుగా రోజూ ఆ గోడ పక్కనుంచే దిగుతున్నాను. చూడలేదు.

రుమాలు కిందికి లాగి నా వైపు చూసింది.

“నేను దిగానా?” అంది.

నేను ఆమె ముఖం మీది మసి తుడవబోయాను.

“పలికాను గదా. విన్నాను. సరే, కనీసం ఆవిడైనా దిగింది అనుకున్నాను.”

కొట్టినా తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు.

అక్క వారం తిరక్కుండా హక్కుల కమిషనర్‌కి ఫిర్యాదు పెట్టింది. ఆపద వచ్చినప్పుడు అందరితో సమానంగా బయటపడటం కూడా హక్కేనని చట్టంలో ఉన్న పేజీ జతచేసింది. మా ఆఫీసు జవాబు నెలకి వచ్చింది. ఫిర్యాదుదారు తొమ్మిదిసార్లూ నాలుగు నిమిషాల్లోపే క్షేమంగా దిగి, స్వయంగా హాజరు పలికారని, అందుకు టిక్కులే రుజువని అందులో ఉంది. గోడ మీది రాతలు రికార్డు కిందికి రావని కూడా ఉంది.

అక్క ఆ జవాబుని, తొమ్మిది హాజరు పట్టీల నకళ్ళని బల్ల మీద పరిచింది. “చదువు, సరిచూద్దాం” అంది. నేను తేదీ చదివాను, అక్క పేరు చదివాను, టిక్కు అన్నాను. ఆమె వేలు పెట్టింది, సున్నా చుట్టింది. తొమ్మిదిసార్లు చదివాను. అయిదోదాని దగ్గర ఆగి ఆమె వైపు చూశాను. ఆమె ఆపమనలేదు.

“నన్ను సాక్ష్యం అడగవా అక్కా?” అన్నాను చివరికి.

“అడగను. అడిగితే నాకోసం చెప్పినట్టవుతుంది. నాకోసం నువ్వు చెప్పింది చాలు.”

కమిషనర్ ఆఫీసు నుంచి ఒక అధికారిణి చెప్పాపెట్టకుండా వచ్చింది. వయసు మళ్ళిన మనిషి, మాట తక్కువ. డ్రిల్లు పెట్టించమంది. కిందే ఆవరణలో కుర్చీ కూడా వేయించుకోకుండా నిలబడింది. ఫిర్యాదు పెట్టింది ఎవరో మా వాళ్ళెవరూ ఆమెకి వేలు పెట్టి చూపించలేదు. ఆమె అడగలేదు కూడా.

గంట మోగింది. దిగుతూ అక్క వైపు చూశాను. గడిలో ఉంది, కిటికీ వైపు తిరిగి. ఈసారి చచ్చినా పలకను అనుకున్నాను. వరసలో నిలబడి చేతిరుమాలు పళ్ళ మధ్య కుక్కుకున్నాను. పేర్లు దగ్గరపడుతున్నాయి. అక్క పేరు పిలిచాడు.

నా పళ్ళ మధ్య గుడ్డ అలాగే ఉంది.

“ఉన్నానండీ.”

సన్నగా, కాస్త సాగదీసి. అదే గొంతు. నేను పలకలేదు, అయినా పలికింది. సూపరింటెండెంటుగారు తల ఎత్తకుండానే టిక్కు పెట్టాడు. గిరుక్కున తిరిగి వరస చూశాను. అందరి పెదాలూ మూసి ఉన్నాయి, అందరూ ఎదురుగా చూస్తున్నారు.

“ఆవిడ ఒకసారి ముందుకు రండి” అంది అధికారిణి.

ఎవరూ రాలేదు.

“ఇప్పుడే పలికారు గదమ్మా. ఎవరు?”

నేను గుడ్డ తీసి పారేశాను. “ఆవిడ ఇక్కడ లేదండీ. పైన ఉంది. తొమ్మిదిసార్లూ పైనే ఉంది. పొగ వచ్చిన రోజు కూడా. ఆవిడ బదులు పలికింది నేను” అన్నాను. నమ్మదేమోనని ఆ గొంతుతో పలికి చూపించాను.

“మరి ఇప్పుడు పలికింది కూడా మీరేనా?”

“కాదండీ. ఇప్పుడు నేను కాదు.”

సూపరింటెండెంటుగారు ఏదో అనబోయాడు. అధికారిణి చెయ్యి ఎత్తింది. లిఫ్ట్ ఆగిపోయి ఉంది గనక ఆరు అంతస్తులూ మెట్లెక్కింది, అంతస్తుకోసారి ఆగి ఊపిరి తీసుకుంటూ. నేను వెనకే ఎక్కాను. పైన అక్క గోడ మీద పదో తేదీ రాస్తోంది. అధికారిణి ఆ పదీ చదివింది, చేతిలో ఉన్న పట్టీ చూసింది, మళ్ళీ గోడ చూసింది. “ఏది అసలో ఇప్పుడు తెలిసింది” అంది.

ఆ రోజు పలికిందెవరన్నది నాకింకా తెలియదు. సాయంత్రంలోపు ముగ్గురు నా దగ్గరికి విడివిడిగా వచ్చారు. పటాల గుమాస్తా, టైపిస్టు, అటెండరు. నేనే పలికాను, నువ్వు పలకకపోయేసరికి తెలియకుండానే వచ్చేసింది, ఎవరికీ చెప్పకు అని ముగ్గురూ అన్నారు. నేను విన్నది ఒక్క గొంతు.

తొంభై రోజుల్లో అన్నీ సమకూర్చాలని ఉత్తరువు వచ్చింది. మెట్ల మీద జారే కుర్చీ, దాన్ని దింపడం నేర్చిన నలుగురు పేరుపేరునా, గడి దగ్గర కిందికి మోగే ఫోను. తప్పుడు జవాబు మీద విచారణ వేరే నడుస్తోంది. నన్ను రెండుసార్లు పిలిచారు, నాకూ మెమో వచ్చింది, రావలసిందే. నలుగురిలో ఒకదాన్నిగా నా పేరు నేనే ఇచ్చాను. అక్క వద్దనలేదు, సంతోషం అనీ అనలేదు. “నీ భుజం గట్టిదేనా?” అని మాత్రం అడిగింది.

కొత్త కుర్చీతో మొదటి డ్రిల్లు. నడుముకీ గుండెకీ పట్టీలు బిగించాం. మొదటి మెట్టు దగ్గర కుర్చీ ముందుకి ఒరిగేసరికి అక్క నా మణికట్టు పట్టుకుంది. “భయంగా ఉందే” అంది. తొమ్మిదేళ్ళలో ఆమె నోట ఆ మాట వినడం అదే మొదలు. ఆరు అంతస్తులు, పన్నెండు మలుపులు. ఏడు నిమిషాలు పట్టింది. ఆవరణలోకి వచ్చాక ఎండకి కళ్ళు చికిలించి, పైకి, ఆరో అంతస్తు కిటికీ వైపు చాలాసేపు చూసింది.

సూపరింటెండెంటుగారు పిలుస్తున్నాడు. అక్క పేరు వచ్చింది.

“ఉన్నానండీ!”

వరసలోంచి మూడు నాలుగు గొంతులు ఒక్కసారే లేచాయి. అన్నీ సన్నగా, అన్నీ సాగదీసి. అందులో ఒకటి నాది. అక్క నా పక్కనే, పట్టీల్లో బిగించి ఉంది, నోరు సగం తెరిచి. ఆయన తల వంచుకుని టిక్కు పెట్టేశాడు.

ఎవరూ నవ్వలేదు. నాకు నా నోరంటేనే భయం వేసింది.

“ఆ టిక్కు కొట్టెయ్యండి” అంది అక్క. “మళ్ళీ పిలవండి. నన్ను చూసి పిలవండి.”

ఆయన కొట్టేశాడు. తల ఎత్తి, ఆమె ముఖం చూసి, పేరు పిలిచాడు. అక్క వెంటనే పలకలేదు. ముప్పై ఏడుగురం పళ్ళు బిగబట్టుకుని నిలబడ్డాం. ఆమె ఒక్కొక్కరి నోరే చూసుకుంటూ వచ్చింది, చివర నా దగ్గర ఆగింది. అప్పుడు పలికింది.

“ఉన్నాను.”

లావుపాటి గొంతు, కాస్త బొంగురు, సాగతీత ఎక్కడా లేదు. రోజూ నా ఎదురుగా కూర్చుని మాట్లాడిన గొంతే. ఇన్నేళ్ళూ మేం పలికిన ఆ సన్నని గొంతు ఆమెది కానేకాదు.